బగ్‌కు నజరానా సరే, జీతమో?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపం సరిదిద్దితే డాలర్లిస్తామన్న పిలుపు రైల్వే కాలనీల కుర్రాళ్లకు ఒక తలుపు తెరిచింది. ఆ తలుపు దగ్గర కాపలా కాసేవారికి మాత్రం చాకిరీ పెంచింది

రైలు పట్టాలో పగులును ముందే పసిగట్టి ప్రమాదం తప్పించిన కీమాన్‌ను రైల్వే అధికారులు పిలిచి నగదు బహుమతి ఇస్తారు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తుంది. అయితే ఆ కీమాన్ రోజూ తెల్లవారకముందే భుజాన స్పానర్, సుత్తి వేసుకుని తన బీటు పొడవునా నడిచేది ఆ బహుమతి మీద ఆశతో కాదు. పగులు కనిపించినా, కనిపించకపోయినా నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుందన్న భరోసాతో. ఆ జీతం ఎత్తేసి బహుమతి ఒక్కటే ఉంచితే? రోజూ పట్టాల వెంట నడిచేవాళ్లు తగ్గిపోతారు. 'అదిగో పగులు' అంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లు పెరిగిపోతారు.

సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో రెండు దశాబ్దాలుగా జరుగుతున్నది ఇంచుమించు ఈ ప్రయోగమే. స్వచ్ఛందంగా నడిచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఎవరైనా ఒక బగ్‌ను సరిచేస్తే ఇంత అని నజరానా కడుతున్నారు. ఆ ప్రాజెక్టులను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండేవారికి మాత్రం చాలాచోట్ల దమ్మిడీ రాదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, అందునా మలంచాలాంటి తెలుగు పేటల్లో, జీతానికీ బహుమతికీ ఉన్న తేడా ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. 19వ శతాబ్దం ముగుస్తున్న వేళ బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టి, వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల జనం ఈ ఊరికి రైలెక్కుతూనే ఉన్నారు. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారంతో ప్రపంచ రికార్డు తమదేనని ఈ ఊరు చాలాకాలం చెప్పుకుంది (2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ ముచ్చట తీర్చేశాయి). ఇక్కడి తెలుగువారి సంఖ్యాబలం ఎంతటిదంటే, రాష్ట్రంలో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబర్‌లో మమతా బెనర్జీ మంత్రివర్గం తీర్మానించింది.

తాత గ్యాంగ్‌మన్, తండ్రి వర్క్‌షాపు ఫిట్టర్ అయిన ఇళ్లలో ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. రైల్వే ఉద్యోగం వారసత్వంలా అందే రోజులు పోయాయి. కొద్ది కిలోమీటర్ల దూరంలో, హిజ్లీలో 1951 నాటి ఐఐటీ ఉంది. అందులోకి వెళ్లగలిగేది కొందరే. మిగతావారికి, పేరున్న కాలేజీ ముద్ర లేకుండా ప్రపంచం ముందు తన పనితనం చూపించుకునే చోటు ఒకటి కావాలి. ఓపెన్ సోర్స్ అలాంటి చోటు. అక్కడ మార్కుల జాబితా అడగరు. రాసిన కోడ్ చూస్తారు.

లెక్క కూడా ఊరించేదే. నజరానా వంద డాలర్లంటే అమెరికా ఇంజనీరుకు గంటో రెండు గంటలో పనిచేసిన కూలి. ఖరగ్‌పూర్‌లో అది ఎనిమిది తొమ్మిది వేల రూపాయలు. ఒక విద్యార్థికి నెల ఖర్చు గడిచిపోయే మొత్తం. అందుకే ఇలాంటి పిలుపు ఎక్కడ వినిపించినా మొదట చేయెత్తేవారిలో భారతీయ విద్యార్థులు ఎక్కువగా కనిపిస్తారు. దాన్ని దురాశ అనలేం. ఏమీ తీసుకోకుండా సాయంత్రాలు ధారపోయడమన్నది ఇంట్లో మరో జీతం ఉన్నవాడికే సాధ్యమయ్యే ఔదార్యం. 'స్వచ్ఛంద సేవ' గొప్పతనం గురించి ఉపన్యసించే పాశ్చాత్య ప్రోగ్రామర్లలో చాలామంది గుర్తించనిది ఈ సంగతినే.

కనిపెట్టడం ఒకటి, బాగుచేయడం ఒకటి

తప్పు చూపితే డబ్బివ్వడం పాత ఆచారమే. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు పట్టుకున్నవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. కంప్యూటర్ లెక్కల్లో 256 గుండ్రని సంఖ్య, అదీ అందులోని చమత్కారం. ఆ చెక్కులను చాలామంది బ్యాంకులో వేసుకోలేదు, ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు. చెక్కు మోసాల బెడద వల్ల 2008లో ఆయన అసలు చెక్కులు మానేసి ఒక కల్పిత బ్యాంకు పేరుతో సర్టిఫికెట్లు ఇవ్వసాగారు. గిరాకీ ఏమీ తగ్గలేదు.

తర్వాత కంపెనీలు రంగంలోకి దిగాయి. 1995లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌లో లోపాలు చూపినవారికి బహుమతులు ప్రకటించింది. 2004లో మొజిల్లా భద్రతాపరమైన ఒక్కో లోపానికి 500 డాలర్లన్నది. ఇవన్నీ లోపాన్ని కనిపెట్టినందుకు. కనిపెట్టడం ఒక్కసారితో అయిపోయే పని. పైగా డబ్బిచ్చే కంపెనీకి ఆ లోపాన్ని బాగుచేసే జీతగాళ్లు ఉంటారు.

స్వచ్ఛంద ప్రాజెక్టులో బాగుచేసినందుకు నజరానా పెట్టినప్పుడు కథ మారుతుంది. ఒక బగ్ కుదురుకోవడంలో కనీసం నలుగురి చెయ్యి ఉంటుంది. ఇబ్బంది ఉందని ఓపిగ్గా చెప్పినవారు ఒకరు. అది ఏ పరిస్థితుల్లో వస్తోందో తేల్చినవారు ఇంకొకరు. నాలుగు లైన్ల ప్యాచ్ రాసినవారు మూడో మనిషి. ఆ ప్యాచ్ చదివి, పరీక్షించి, ఇది వేరేచోట ఏం పాడుచేస్తుందోనని తల పట్టుకుని, చివరికి కలుపుకున్న మెయింటెయినర్ నాలుగో మనిషి. నజరానా సాధారణంగా మూడో మనిషికి వెళ్తుంది. ఒకే బగ్ మీద అయిదుగురు కుస్తీ పడితే, ఎవరి ప్యాచ్ ముందు ఆమోదం పొందితే వారికే డబ్బు. మిగతా నలుగురి రాత్రులూ నీళ్లపాలు. పదేళ్ల తర్వాత ఆ నాలుగు లైన్లు మళ్లీ మొరాయిస్తే చూడాల్సింది మాత్రం మెయింటెయినరే.

ఈ అసమానతకు 2014 నాటి 'హార్ట్‌బ్లీడ్' ఉదంతాన్ని మించిన సాక్ష్యం దొరకదు. బ్యాంకుల నుంచి ప్రభుత్వాల వరకు అందరి వెబ్‌సైట్లకు తాళంలా పనిచేసే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో ఆ భయంకర లోపం బయటపడింది. దాన్ని కనిపెట్టిన గూగుల్ ఇంజనీరు నీల్ మెహతాకు 15 వేల డాలర్ల నజరానా లభించింది (ఆ మొత్తాన్ని ఆయన పత్రికాస్వేచ్ఛ కోసం పనిచేసే సంస్థకు విరాళమిచ్చారు). మరి ప్రపంచమంతా వాడుకుంటున్న ఆ సాఫ్ట్‌వేర్‌ను నిర్వహిస్తున్న బృందానికి అప్పటివరకు ఏడాదికి అందుతున్న విరాళాలు? సుమారు 2 వేల డాలర్లు.

నజరానాలకు మధ్యవర్తిత్వం చేసిన సంస్థల చరిత్ర కూడా ఏమంత గొప్పగా లేదు. 2004లో మొదలైన బౌంటీసోర్స్ ఈ రంగంలో పేరుమోసింది. చేతులు మారి, క్రిప్టో వ్యాపారుల పరమైన తర్వాత 2020 జూన్‌లో కొత్త నిబంధన తెచ్చింది. రెండేళ్లపాటు ఎవరూ క్లెయిమ్ చేసుకోని నజరానాలు ఇక తమవేనంది. గగ్గోలు పుట్టడంతో వెనక్కి తగ్గింది. 2023 వచ్చేసరికి పని చేసినవారికి చెల్లింపులే ఆగిపోయాయి.

డెబియన్‌లో చిచ్చు

డబ్బు ప్రవేశించగానే స్వచ్ఛంద సమాజంలో ఏమవుతుందో తెలుసుకోవాలంటే 2006కు వెళ్లాలి. డెబియన్ అనే లైనక్స్ వ్యవస్థను 1993 నుంచీ ప్రపంచం నలుమూలల నుంచి వెయ్యి మందికి పైగా జీతభత్యాలు లేకుండా నిర్మిస్తూ వచ్చారు. రాజ్యాంగం, ఎన్నికలు, ఎన్నికైన నాయకుడు ఉన్న చిన్నపాటి గణతంత్రమది. దానికున్న జబ్బల్లా ఆలస్యం. 2002 జూలై తర్వాతి విడుదల 2005 జూన్‌కు గానీ రాలేదు.

తర్వాతి విడుదలైనా అనుకున్న వేళకు రావాలని నాటి నాయకుడు ఆంథోనీ టౌన్స్, మరికొందరు కలిసి 'డంక్ ట్యాంక్' పేరుతో నిధి సేకరించారు. విడుదల బాధ్యతలు చూసే ఇద్దరికి ఒక్కో నెల పూర్తికాలం పనిచేసేందుకు చెరో 6 వేల డాలర్లు ఇవ్వాలన్నది పథకం. గడువు 2006 డిసెంబర్ 4.

నిధి పుట్టగానే నిప్పు రాజుకుంది. ఆ ఇద్దరికేనా, మరి మేమేమిటి అన్నారు కొందరు. మా పని మేం తగ్గించుకుంటామని మరికొందరు బాహాటంగా ప్రకటించారు. 'డంక్ బ్యాంక్' పేరుతో పోటీ శిబిరం వెలిసింది. విడుదలకు అడ్డం పడే బగ్‌లను వీలైనన్ని వెతికి తీయడమే దాని కార్యక్రమం (నాణ్యత కోసమేనని పైకి అన్నా, అందులోని ఎకసెక్కెం ఎవరికీ అర్థం కాకపోలేదు). నాయకుడిని పదవి నుంచి దించాలని ఓటింగ్ దాకా వెళ్లారు. ఆయన గట్టెక్కారు. గడువు మాత్రం గట్టెక్కలేదు. విడుదల 2007 ఏప్రిల్ 8న జరిగింది.

నాలుగు నెలల ఆలస్యానికి ఆ 12 వేల డాలర్లే కారణమని తేల్చేయడం అన్యాయం. ముందు విడుదలకు పట్టిన మూడేళ్లతో పోలిస్తే ఇది వేగమే. అయినా ఒకటి స్పష్టమైంది. అందరూ ఊరికే చేస్తున్నప్పుడు ఎవరి శ్రమకూ వెల లేదు కాబట్టి పోలికా లేదు. ఇద్దరికి వెల కట్టగానే మిగతా వెయ్యి మందికీ సున్నా అని వెల కట్టినట్టయింది.

ఆసక్తికరమైన విషయమేమిటంటే అదే డెబియన్‌లో 2014 నుంచి పాత విడుదలలకు భద్రతా సవరణలు చేసే పనికి డబ్బు ముడుతోంది. కంపెనీలు చందా కడతాయి, ఫ్రెక్సియన్ అనే సంస్థ దాన్ని సమన్వయపరుస్తుంది, పనిచేసినవారికి గంటల లెక్కన చెల్లిస్తుంది. ఎవరూ తిరగబడలేదు. అది ఎవరికీ సరదా లేని పని. పగులు దొరికిందా లేదా అన్నది కాక ఎంతసేపు నడిచారన్నది అక్కడ కొలత.

టీషర్టు కోసం తొక్కిసలాట

భారతీయులకు కాస్త ఇబ్బంది కలిగించే అధ్యాయం 2020 అక్టోబర్‌ది. డిజిటల్ ఓషన్ అనే అమెరికన్ కంపెనీ ఏటా నిర్వహించే 'హాక్టోబర్‌ఫెస్ట్'లో నాలుగు సవరణలు పంపితే ఉచితంగా టీషర్టు ఇచ్చేవారు. ఆ ఏడాది హిందీలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పే ఒక యూట్యూబర్, సవరణ పంపడం ఎంత తేలికో చూపిస్తూ వీడియో పెట్టారు. ఒక ప్రాజెక్టు పరిచయ పత్రంలో 'అద్భుతం' అనే అర్థంలో ఒక మాట చేర్చి చూపించారు. అంతే, ప్రపంచవ్యాప్తంగా వేలాది ప్రాజెక్టుల తలుపుల మీద అదే బాపతు 'సవరణలు' కుప్పలుగా పడ్డాయి. వాటిని ఊడ్చిపోయడానికే మెయింటెయినర్ల వారాంతాలు హరించుకుపోయాయి. ఇష్టపడి పేరు నమోదు చేసుకున్న ప్రాజెక్టులకే ఇకపై పోటీ వర్తిస్తుందని నిర్వాహకులు పండగ మధ్యలోనే నియమం మార్చాల్సి వచ్చింది. 2023లో టీషర్టులకే స్వస్తి చెప్పారు.

ఇలాంటివి చరిత్రకు కొత్తేమీ కాదు. 1902లో హనోయ్‌లో ఎలుకల బెడద వదిలించుకోవడానికి ఫ్రెంచి వలస పాలకులు ఒక్కో తోకకు ఇంత అని ప్రకటిస్తే, తోకల్లేని ఎలుకలు వీధుల్లో తిరగసాగాయి. తోక కోసి వదిలేస్తే అది మరిన్ని పిల్లల్ని పెడుతుంది కదా. కొందరు ఏకంగా ఎలుకల పెంపకమే చేపట్టారు. టీషర్టు కోసం ఎగబడ్డ మన కుర్రాళ్లు అంత గడుసువారు కూడా కాదు. వాళ్లకు సవరణ అంటే ఏమిటో సరిగా నేర్పినవారే లేరు.

కృత్రిమ మేధ వచ్చాక ఎలుకల పెంపకం యంత్రాల చేతికి వెళ్లింది. ఫోన్ల నుంచి టీవీలు, కార్ల దాకా కోట్లాది పరికరాల్లో పనిచేసే 'కర్ల్' అనే సాఫ్ట్‌వేర్‌కు స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ పెద్దదిక్కు. భద్రతా లోపాలు చూపినవారికి 2019 నుంచి ఆ ప్రాజెక్టు నజరానాలు ఇస్తూ 90 వేల డాలర్లకు పైగా పంచింది. చాలాకాలం అది సవ్యంగానే నడిచింది, నిజమైన లోపాలెన్నో బయటపడ్డాయి. 2025 మధ్యకు వచ్చేసరికి అందుతున్న ఫిర్యాదుల్లో అయిదో వంతు కృత్రిమ మేధ వండి వార్చిన చెత్తేనని స్టెన్‌బర్గ్ లెక్క చెప్పారు. నిజమైన లోపాలు నూటికి అయిదు. చూసేందుకు అన్నీ ఒకేలా ఉంటాయి, గంభీరమైన ఇంగ్లీషుతో సహా. ప్రతిదాన్నీ ఏడుగురు సభ్యుల బృందంలో ముగ్గురు నలుగురు కూర్చుని చదవాలి. 2026 జనవరి చివరన కర్ల్ తన నజరానా పథకాన్ని మూసేసింది.

గమనించాల్సింది ఏమిటంటే, డబ్బు అయిపోయి అది మూతపడలేదు. చదివేవారి ఓపిక అయిపోయింది.

వర్క్‌షాపు లెక్క

అయితే స్వచ్ఛంద సేవలోకి డబ్బు రానేకూడదా? బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్‌మస్ 1970లో రక్తదానం మీద రాసిన గ్రంథంలో కొనుక్కునే రక్తం కంటే దానంగా వచ్చే రక్తమే మేలని వాదించారు. మన సుప్రీంకోర్టు కూడా 1996లో తీర్పిచ్చి, రక్తం అమ్ముకునే పద్ధతికి 1998 నుంచి తెరదించింది. నజరానాలను వ్యతిరేకించేవారు ఈ పోలికను ఇష్టపడతారు. కానీ అది సగం దూరమే వస్తుంది. రక్తమిచ్చేవారు స్వచ్ఛందంగా వస్తారు, నిజమే. ఆ రక్తాన్ని పరీక్షించి, భద్రపరిచే టెక్నీషియన్‌కు జీతముంటుంది. ఓపెన్ సోర్స్‌లో ఆ టెక్నీషియన్ కూడా దాతే.

ఇక్కడ ఖరగ్‌పూర్ తరహా కర్మాగారాల అనుభవం పనికొస్తుంది. పని పరిమాణాన్ని బట్టి అదనపు డబ్బిచ్చే పద్ధతి రైల్వే వర్క్‌షాపులకు 1950ల నుంచీ తెలుసు. ఇదే రాష్ట్రంలోని చిత్తరంజన్ లోకోమోటివ్ కర్మాగారంలో పుట్టిన ప్రోత్సాహక పథకాన్ని తర్వాత ఇతర వర్క్‌షాపులకూ విస్తరించారు. దాని నిర్మాణం చూడండి. ప్రతి పనికీ ఇంత సమయమని ముందే కొలిచి నిర్ణయిస్తారు. అంతకంటే త్వరగా చేస్తే అదనం. ఆ అదనానికి పరిమితి ఉంది. ఏది ఎలా ఉన్నా మూల వేతనానికి ఢోకా లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, నేరుగా పని చేసే ఫిట్టర్‌కే కాకుండా అతని పని సాగడానికి తోడ్పడే పరోక్ష కార్మికులకూ అందులో వాటా ఉంటుంది. ఎర్రజెండా యూనియన్లున్న చోట యాజమాన్యం ఇంతకంటే తక్కువకు ఒప్పించలేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. ఏమైనా, మేధావులనిపించుకునే సాఫ్ట్‌వేర్ రంగం ఈ ఇంగితాన్ని ఇంకా పూర్తిగా అందుకోలేదు.

ఇంతో అంతో అందుకున్న ఉదాహరణ గూగుల్ 2005లో ప్రారంభించిన 'సమ్మర్ ఆఫ్ కోడ్'. ఎంపికైన కొత్తవారికి కొన్ని నెలల పనికి భృతి ఇస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో భారత్‌లో ఉన్నవారికి పెద్ద ప్రాజెక్టుకు అది 3 వేల డాలర్లు. చెయ్యి పట్టుకుని నేర్పే ప్రాజెక్టు సంస్థకు కూడా ఒక్కో అభ్యర్థికి 500 డాలర్లు ముడతాయి. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ చదివేవారి సమయానికీ ఖరీదుందని ఒప్పుకున్నట్టే. ఇందులో ఎంపికయ్యేవారి జాబితాల్లో ఏటా భారతీయులది పెద్ద వాటా, ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థులు తరచూ కనిపిస్తారు. అక్కడి ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ డిసెంబర్‌లో 'వింటర్ ఆఫ్ కోడ్' పేరుతో కొత్తవారికి శిక్షణ నడుపుతుంది. డాలర్లుండవు. అడిగిందల్లా చెప్పే ఒక సీనియర్ మాత్రం దొరుకుతారు. ఐఐటీ గేటు బయటి విద్యార్థులకూ అందులో ప్రవేశముంది. మలంచా కుర్రాడికి వంద డాలర్ల నజరానా వేట కంటే ఇది మెరుగైన తొలి మెట్టని ఈ విలేకరి అభిప్రాయం. ప్యాచ్ ఎలా రాయాలో, అంతకంటే ముఖ్యంగా ఎదుటివారి ప్యాచ్ ఎలా చదవాలో తెలిశాకే నజరానా వైపు వెళ్తే అతనికీ, మెయింటెయినర్‌కూ సుఖం.

తెలుగు అక్షరానికి ఖరీదు కట్టేదెవరు?

నజరానా మార్కెట్‌లో ఇంకో తిరకాసుంది. ఏ బగ్‌కు డబ్బున్న బాధితులుంటారో దానికే ధర పలుకుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం వచ్చిన సందేశం తెరిస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గుప్పుమనడంతో ఆపిల్ కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 19న, సవరణ విడుదల చేసింది. ఆ అక్షరం వల్ల తెలుగువారికి మాత్రమే చిరాకు కలిగి ఉంటే అంత హడావుడి జరిగేదా అన్నది అనుమానమే. పైగా ఆపిల్ కోడ్ తాళం వేసిన పెట్టె. తెలుగువాడు తనంతట తాను బాగుచేసుకోవడానికి వీల్లేదు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్‌లలో వత్తులూ గుణింతాలూ సరిగా పేర్చే హార్ఫ్‌బజ్ అలా కాదు, అది ఓపెన్ సోర్స్. ఎవరైనా చేయి వేయొచ్చు.

తెలుగు విషయంలో ఇప్పటిదాకా చేయి వేసినవారంతా దాదాపు ఊరికే వేసినవారు. పోతన, వేమన ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఉచితంగా అందించారు. తెలుగులో పూర్తి కంప్యూటర్ వ్యవస్థను తెచ్చే పనిని హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' కార్యకర్తలు 2005 నుంచీ భుజాన వేసుకున్నారు. ఇలాంటిచోట నజరానాకు ఒక సదుపాయముంది. ఫలానా సంయుక్తాక్షరం ఫలానా ఫాంటులో తప్పుగా పడుతోంది అన్నది ఒక్కసారితో తేలిపోయే, కళ్లుండి తెలుగొచ్చిన ఎవరైనా సరిచూడగలిగే పని. మెయింటెయినర్ ఒక్కడే తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు, మలంచాలోని రిటైర్డ్ తెలుగు మాస్టారు కూడా ఇది సరే, అది తప్పు అని చెప్పేయగలరు. అలాంటి పనికి వెయ్యో రెండువేలో రూపాయలు కట్టడంలో తప్పులేదు. స్పెల్‌చెకర్‌ను పదేళ్లు పోషించడం మాత్రం నజరానాలతో అయ్యే పని కాదు.

దానికి కావలసిన తరహా డబ్బు ఇప్పుడిప్పుడే కనిపిస్తోంది. బెంగళూరు స్టాక్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024 అక్టోబర్‌లో ప్రపంచవ్యాప్త ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం ఏటా 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. ఒక్కో ప్రాజెక్టుకు 10 వేల నుంచి లక్ష డాలర్ల దాకా ఇస్తామంది. బగ్‌ల లెక్క అడగదు. దరఖాస్తు చేసే ప్రాజెక్టు 'ఫండింగ్ డాట్ జేసన్' అనే చిన్న ఫైలులో తామెవరో, ఏడాదికి ఎంత కావాలో, దేనికో రాసి తమ వెబ్‌సైట్‌లో బహిరంగంగా పెట్టాలి. ఏళ్లుగా ఊరికే చేయడానికి అలవాటుపడ్డవారికి అందులో కష్టమైన గడి ఒక్కటే, ఎంత కావాలన్నది.